హాకెన్‌బెర్గ్: కొండ కడుపులో ఫిరంగుల కోట (తరచుగా అడిగే ప్రశ్నలు)

లక్సెంబర్గ్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలకి ఊరు చూపించడం రెండు రోజుల్లో అయిపోతుంది. మూడో రోజు నేను వాళ్లని కారెక్కించి, సరిహద్దు దాటించి, ఫ్రాన్సులోని హాకెన్‌బెర్గ్ కోటకి తీసుకెళ్తాను. "కోటా? ఏదీ, ఇక్కడ అడివి తప్ప ఏం లేదే" అనేది అందరి నోటా వచ్చే మొదటి మాట. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే వరసలో వస్తాయి. ప్రతిసారీ కారులో చెప్పే జవాబుల్నే ఇక్కడ తీరిగ్గా రాసి పెడుతున్నాను.

అసలు ఈ హాకెన్‌బెర్గ్ ఏమిటి? ఎక్కడుంది?

ఫ్రాన్సుకి ఈశాన్యాన లొరేన్ ప్రాంతంలో, మొజెల్ జిల్లాలో వెక్రింగ్ అనే చిన్న పల్లె ఉంది. దగ్గర్లోని పట్టణం త్యోంవిల్. కాస్త దక్షిణానికి పోతే మెట్స్ నగరం వస్తుంది (అక్కడివాళ్లు దాన్ని "మెస్" అని పలుకుతారు, మన హాస్టల్ మెస్‌తో సంబంధమేమీ లేదు). వెక్రింగ్ పక్కనున్న చెట్లు కమ్ముకున్న కొండే హాకెన్‌బెర్గ్. 1929 తర్వాత ఫ్రెంచి సైన్యం ఆ కొండ కడుపు తొలిచి పది కిలోమీటర్ల సొరంగాలు వేసింది. వెయ్యిమందికి పైగా మనుషుల్ని, ఫిరంగుల్ని, కరెంటు కేంద్రాన్ని, ఆసుపత్రిని, వంటశాలని అందులో పెట్టింది. జర్మనీ సరిహద్దు వెంట కట్టిన మాజినో లైన్ అనే కోటల వరసలో అన్నిటికంటే పెద్ద కోట ఇదే.

పేరు జర్మన్‌లా వినిపిస్తోందంటే ఆశ్చర్యం లేదు. 1871 నుంచి 1918 దాకా ఈ నేల జర్మనీ చేతిలో ఉంది. పల్లెల్లో ముసలివాళ్లు ఇప్పటికీ ఫ్రెంచి కాని ఒక మాండలికం మాట్లాడుకుంటారు.

మాజినో లైన్ అంటే చైనా గోడ లాంటి గోడా?

కాదు. ఈ పొరపాటు చాలామందికి ఉంది, "లైన్" అన్న మాటే దానికి కారణం. ఇది ఎడం ఎడంగా నాటిన గుంజల వరస లాంటిది. పెద్ద కోటలు కొన్ని, వాటి మధ్య చిన్న కోటలు, ఇంకా మధ్యలో విడివిడి మెషిన్‌గన్ గూళ్లు, వాటి ముందు ట్యాంకుల్ని ఆపడానికి నిలువునా పాతిన రైలు పట్టాల ముక్కలు, ముళ్లకంచె. ఒక కోట ఫిరంగి పక్క కోట నెత్తిమీద దాకా కాల్చగలదు. శత్రువు ఒక కోట పైకెక్కి కూర్చుంటే పక్క కోట వాణ్ణి దులిపేస్తుంది. వాళ్ల లెక్క అంతా దీనిమీదే. లోపలున్నవాళ్లకి ఏమీ కాదు కాబట్టి మన నెత్తిమీద మనవాళ్లే గుండ్లు కురిపించినా ఫరవాలేదు.

కోటల మధ్య ఖాళీ జాగాల్లో మామూలు పదాతి దళం ఉండాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, 1940 కథలో మళ్లీ వస్తుంది.

ఇంత డబ్బు పోసి ఎందుకు కట్టారు?

"మొదటి యుద్ధంలో కందకాలకి అలవాటుపడి, పాతకాలపు బుర్రలతో కట్టారు" అని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ. నాకు ఆ మాట నచ్చదు. వాళ్ల బాధ మనుషుల లెక్కలో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు దాదాపు 14 లక్షల మంది సైనికుల్ని పోగొట్టుకుంది. ఆ నాలుగేళ్లూ మగవాళ్లు సరిహద్దులో ఉంటే ఇళ్లలో పిల్లలు పుట్టలేదు. పుట్టని ఆ పిల్లలు 1935 నుంచి 1939 మధ్య ఇరవై ఏళ్లవాళ్లు అయి సైన్యంలో చేరాల్సినవాళ్లు. అంటే సరిగ్గా ఆ ఐదేళ్లు బారకాసుల్లో కుర్రాళ్లు సగానికి సగం తగ్గుతారు. ఫ్రెంచివాళ్లు ఆ ఏళ్లకి "బోలు ఏళ్లు" అని పేరు పెట్టుకున్నారు. జర్మనీ జనాభా ఆరు కోట్ల పైమాట, ఫ్రాన్సుది నాలుగు కోట్లు. పైగా జర్మనీలోని రైన్ ప్రాంతంలో ఉన్న ఫ్రెంచి సేనలు 1930 కల్లా ఖాళీ చేసి వెనక్కి రావాలి. ఆ తర్వాత జర్మనీకీ తమకీ మధ్య అడ్డం ఏమీ ఉండదు.

లొరేన్‌లో ఇనుప ఖనిజం, ఉక్కు కర్మాగారాలు సరిహద్దుని ఆనుకునే ఉన్నాయి. అకస్మాత్తుగా దాడి జరిగితే దేశమంతా సైన్యాన్ని కూడగట్టేలోపే అవి పోతాయి. కాబట్టి తక్కువ మందితో కొన్ని వారాలు తలుపు పట్టుకుని నిలబడాలి, ఈలోపు వెనక అసలు సైన్యం సిద్ధమవ్వాలి. కోటలకి ఇచ్చిన పని ఇంతే. యుద్ధం గెలిచిపెట్టమని వాటిని ఎవరూ అడగలేదు.

మాజినో అంటే ఇంజనీరా?

కాదు, మంత్రి. ఆండ్రే మాజినో మొదటి యుద్ధంలో వెర్దన్ దగ్గర మామూలు సార్జెంటుగా పోరాడి కాలికి గాయమై, బతికినంతకాలం కుంటుతూనే నడిచాడు. యుద్ధ మంత్రిగా 1930 జనవరి 14న పార్లమెంటు చేత 290 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేయించాడు. అసలు పథకం మొదలుపెట్టింది ఆయనకి ముందున్న మంత్రి పాల్ పాన్‌లెవే. ఆయన గణిత శాస్త్రవేత్త కూడా. నమూనాలు గీసింది 1927లో వేసిన ఒక సైనిక సంఘం. పేరు మాత్రం డబ్బు తెచ్చినాయనకి దక్కింది. మాజినో 1932 జనవరిలో టైఫాయిడ్‌తో చనిపోయాడు, కోటలు పూర్తవడం చూడలేదు.

ఆ బిల్లు పాసైన రోజున మన యానాం మీద కూడా ఫ్రెంచి జెండాయే ఎగురుతోంది. అందుకే ఈ లైన్‌ని నేను పూర్తిగా పరాయి సంగతిలా చూడలేను.

కొండ లోపల ఏమేం ఉన్నాయి?

వెనకవైపు, అంటే ఫ్రాన్సు వైపు, రెండు గుమ్మాలు. ఒకటి మనుషులకి, ఒకటి సామానుకి. సామాను గుమ్మంలోకి రైలు నేరుగా వెళ్లిపోతుంది. లోపల ముందుగా మందుగుండు నిలవచేసే పెద్ద గోదాము, కరెంటు కేంద్రం, నిద్ర గదులు, వంటిల్లు, ఆపరేషన్ గదితో సహా ఆసుపత్రి. ఇదంతా వెనక భాగం. అక్కణ్ణుంచి ఒక పొడవాటి సొరంగం ముందుకి పోయి, చెట్టు కొమ్మల్లా చీలి, ఒక్కో కొమ్మ చివర ఒక్కో పోరాట బ్లాకు కిందికి చేరుతుంది. బ్లాకు అంటే నేల పైకి కనిపించే కాంక్రీటు దిమ్మ. ఫిరంగులూ మెషిన్‌గన్‌లూ ఉండేది అందులోనే. సొరంగం నుంచి బ్లాకులోకి మెట్లూ లిఫ్టూ ఉంటాయి. హాకెన్‌బెర్గ్‌లో ఇలాంటి పోరాట బ్లాకులు 17, గుమ్మాలు రెండూ కలిపితే మొత్తం 19.

సొరంగాలు మామూలుగా 30 మీటర్ల లోతులో ఉంటాయి, కొండ శిఖరం కింద అంతకంటే చాలా లోతు. ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిస్తే కాళ్లు పీకుతాయి. అందుకే రైలు వేశారు.

కొండ లోపల రైలా?

అవును. పట్టాల మధ్య దూరం 60 సెంటీమీటర్లే. చిన్న ఎలక్ట్రిక్ ఇంజను, పైన వేలాడే తీగ నుంచి కరెంటు. చెరకు ఫ్యాక్టరీల దగ్గర ఒకప్పుడు తిరిగిన బుల్లి రైళ్లని చూసినవాళ్లకి ఇది తెలిసిన బంధువులా అనిపిస్తుంది. దాని పని ఏమిటో అర్థం కావాలంటే ఒక ఫిరంగి గుండు వెంట నడవాలి.

గుండ్లు వెనకున్న డిపో నుంచి రైల్లో వస్తాయి. సామాను గుమ్మం దాటి పెద్ద గోదాములోకి వెళ్తాయి. అక్కడ వాటిని ఇనుప బుట్టల్లో పేర్చి ఉంచుతారు. గోదాము కప్పుకి పట్టాలు ఉంటాయి, బుట్టని వాటికి తగిలిస్తే మనిషి ఒక్కచేత్తో తోసుకుపోవచ్చు. బుట్ట బండెక్కి సొరంగం వెంట బ్లాకు అడుగుకి చేరుతుంది. అక్కడ ఇంకో నిలవ గది. ఆ గది నుంచి లిఫ్టులో పైకి, ఫిరంగి పక్కనున్న మూడో నిలవ దగ్గరికి. అక్కడ మాత్రమే మనిషి గుండుని చేతుల్లోకి తీసుకుంటాడు. గోదాము నుంచి ఫిరంగి దాకా నడుం వంచి మోసే పని దాదాపు లేదు.

కాల్చాక వేడివేడి ఇత్తడి గుల్ల వెనక్కి పడుతుంది. అది కాళ్లకింద పోగుపడితే ఫిరంగి ఆగిపోతుంది. అందుకని గుల్లని ఒక జారుడుబల్లలోకి వదులుతారు, అది గిర్రున తిరుగుతూ కింది సొరంగం దాకా జారిపోతుంది. మందుపొగని ఫ్యాన్లు లాగేస్తాయి. కోట మొత్తం కలిసి నిమిషానికి 4 టన్నుల గుండ్లు కాల్చగలిగేదని అక్కడి గైడ్లు చెబుతారు. విన్నప్పుడు గొప్పలనుకున్నాను. ఆ బుట్టల వరసా, లిఫ్టులూ చూశాక నమ్మబుద్ధయింది.

బయట కనిపించే ఇనుప టోపీ ఏమిటి?

అది తిరిగే బురుజు. బోడి తల ఒకటి నేలలోంచి పైకి తొంగిచూసినట్టు ఉంటుంది. కాల్చనప్పుడు బురుజు కిందికి దిగి ఉంటుంది, 30 సెంటీమీటర్ల మందపు ఉక్కు కప్పు ఒక్కటే కాంక్రీటుకి సమానంగా కనిపిస్తుంది. కాల్చాల్సి వస్తే మనిషి నడుమంత ఎత్తు పైకి లేస్తుంది. రెండు ఫిరంగి గొట్టాల మూతులు బయటపడతాయి. కాల్చి మళ్లీ దిగిపోతుంది. వంద టన్నులకి పైబడ్డ ఉక్కు ఇలా ఎలా లేస్తుందంటే, అడుగున దానికి సరిపడా బరువు ఇంకోవైపు కట్టి ఉంటుంది, మన పాత ఏతం సూత్రమే. మోటారు ఉంది, అది చెడిపోతే చేత్తో తిప్పినా లేస్తుంది.

9వ బ్లాకులో 135 మిల్లీమీటర్ల పొట్టి ఫిరంగుల బురుజు ఇప్పటికీ పనిచేస్తుంది. దాన్ని లేపి, గుండ్రంగా తిప్పి చూపిస్తారు. మా మామయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కోటలో అన్ని గదుల్లోనూ ఆవలించిన మనిషి, అక్కడ మాత్రం బేరింగు దగ్గర వంగి కూర్చుని, లేవమంటే లేవలేదు. "తొంభై ఏళ్ల సరుకు, చప్పుడు వినరా, కిర్రుమనడం లేదు" అన్నారు.

లోపలున్నవాళ్లకి బయట ఏమీ కనపడదు కదా, గురి ఎలా చూస్తారు?

ఫిరంగి దగ్గరున్నవాళ్లు చూడరు, చూడక్కర్లేదు కూడా. కోట పైన అక్కడక్కడ దళసరి ఉక్కు గుమ్మటాలు ఉంటాయి, బోర్లించిన గంటల్లా. సన్నటి చీలికల్లోంచి, దుర్భిణీలతో అందులోని పరిశీలకుడు చూసి ఫోనులో చెబుతాడు. లోతున ఉన్న కమాండు గదిలో పటం మీద లెక్కకట్టి కోణమూ దూరమూ తేలుస్తారు. ఆ అంకెలు బ్లాకుకి వెళ్తాయి, ఓడ ఇంజను గదికి పైనుంచి ఆజ్ఞ పంపే ముల్లు గడియారం లాంటి పరికరంలో ముల్లు తిరుగుతుంది. బురుజులోని కుర్రాడు తన ముల్లుని దానికి కలుపుతాడు. తను ఎవరిమీద కాల్చాడో వాడికి ఎన్నటికీ తెలియకపోవచ్చు.

1940లో జర్మన్లు ఈ గుమ్మటాలనే పట్టుకున్నారు. విమానాల్ని కూల్చడానికి చేసిన 88 మిల్లీమీటర్ల ఫిరంగుల్ని నేలమీదికి వంచి, ఒకే చోట మళ్లీ మళ్లీ కొట్టి ఉక్కుని చిల్లు పొడిచారు. కోట గుండెకి ఏమీ కాలేదు, కళ్లు పోయాయి.

గోడలు ఎంత మందం?

పెద్ద కోటల్లో బ్లాకు కప్పూ శత్రువు వైపు గోడా మూడున్నర మీటర్ల ఇనుప కాంక్రీటు. మొదటి యుద్ధంలో బెల్జియం కోటల్ని పగలగొట్టిన 420 మిల్లీమీటర్ల గుండు మీద పడినా తట్టుకోవాలన్నది కొలత. అతుకు రాకుండా ఒక బ్లాకు కాంక్రీటుని రాత్రింబవళ్లు ఆపకుండా పోసేవాళ్లు.

కానీ అన్నివైపులా ఇంత మందం లేదు. ఫిరంగి కన్నాలున్న గోడ దాదాపు అందులో సగం, లెక్కగా చెప్పాలంటే 1.75 మీటర్లు. ఎందుకంటే ఆ కన్నాలు జర్మనీ వైపు చూడవు. పక్కకీ, కొంచెం వెనక్కీ చూస్తాయి, పక్క కోట ముందున్న నేలని అడ్డంగా కాల్చడానికి. ముందునుంచి వచ్చే గుండు వాటికి తగలదు. వెనకనుంచి వచ్చేది మన సైన్యమే కదా అనుకున్నారు.

విషవాయువు వదిలితే?

మొదటి యుద్ధంలో ఆ వాయువు పీల్చి బతికినవాళ్లే ఈ కోటలకి నమూనాలు గీశారు, కాబట్టి అది మర్చిపోలేదు. పీల్చే గాలిని పెద్ద వడపోత డబ్బాల గుండా పంపేవాళ్లు. లోపలి గాలి ఒత్తిడిని బయటకంటే కొంచెం ఎక్కువగా ఉంచేవాళ్లు, ఏ సందు దొరికినా గాలి బయటికి తోసుకుపోతుందే గాని లోపలికి రాదు. దీనికంతటికీ కరెంటు కావాలి. మామూలు రోజుల్లో బయటి లైను నుంచి వచ్చేది, అది తెగితే లోపలి 4 డీజిల్ ఇంజన్లు అందుకునేవి.

లోపల వెయ్యిమంది ఎలా బతికారు?

జలాంతర్గామిలో బతికినట్టు. మూడు జట్లు: ఒకటి డ్యూటీలో, ఒకటి చిన్నాచితకా పనుల్లో, ఒకటి నిద్రలో. మంచాలు మనుషులకంటే తక్కువ, ఒకడు లేస్తే ఆ వెచ్చటి పక్కలోనే ఇంకొకడు పడుకోవాలి. వంట అంతా కరెంటు పొయ్యిల మీద, ఎందుకంటే పొగగొట్టం పెడితే కోట ఎక్కడుందో చెప్పినట్టే. మూడు నెలలకి సరిపడా తిండీ డీజిలూ నిలవ ఉండేవి. వైనుకి కూడా నిలవ జాగా కట్టారు. ఫ్రెంచి సైన్యం మరి.

భోజనాల గది అంటూ ఏమీ ఉండేది కాదు చాలాచోట్ల. సొరంగం గోడకి మడత బల్లలు తగిలించి ఉంటాయి, దించుకుని తినాలి, రైలొస్తే మడిచేయాలి.

అసలు శత్రువు తేమ. గోడలకి ఎప్పుడూ చెమట పట్టినట్టే ఉండేది, బట్టలు ఆరవు, ఫ్యాన్ల హోరు ఆగదు, పగలో రాత్రో తెలియదు. తలనొప్పులూ దిగులూ కలిసొచ్చే ఆ స్థితికి సిపాయిలు "కాంక్రీటు జబ్బు" అని పేరు పెట్టుకున్నారు. యుద్ధం ప్రకటించి ఎవరూ కాల్చుకోని ఆ 1939-40 శీతాకాలంలో, వాళ్లకి ఊరట కోసం కోటల మీద గులాబీ మొక్కలు నాటించే ఉద్యమం కూడా నడిచింది. ఖాకీ రంగు బెరే టోపీ, దానిమీద "దాటలేరు" అన్న నినాదమున్న బిళ్ల వీళ్ల గుర్తు. ఆ డిసెంబరులోనే ఇంగ్లండు రాజు ఆరో జార్జి వచ్చి హాకెన్‌బెర్గ్ చూసి వెళ్లాడు. అప్పటికి ఆయన మనకీ చక్రవర్తి.

సరిహద్దు పల్లెల జనం సంగతి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. 1939 సెప్టెంబరులో అల్సాస్, లొరేన్ సరిహద్దు ఊళ్లని ఖాళీ చేయించి, చేతిసంచులతో రైళ్లెక్కించి, దేశానికి అవతలి కొసన ఉన్న జిల్లాలకి పంపేశారు. అక్కడ వీళ్ల యాస విని "జర్మన్లొచ్చారు" అనుకున్నవాళ్లు కూడా ఉన్నారట.

మనవాళ్లు ఎవరైనా అటు వెళ్లారా?

వెళ్లారు. బ్రిటిష్ సైన్యానికి సామాను మోయడానికి భారత సైన్యం నుంచి కంచరగాడిదల కంపెనీలు 1939 డిసెంబరు చివర్లో మార్సెయ్ రేవులో దిగాయి. ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. మోటార్ల మీదే ఆధారపడ్డ బ్రిటిష్ సైన్యం ఆ చలిలో మంచు రోడ్ల మీద ఇరుక్కున్నప్పుడు ఈ గాడిదలే నడిచాయి. అందులో 22వ కంపెనీ మాజినో లైన్ వైపు వెళ్లి 1940 జూన్‌లో జర్మన్లకి చిక్కింది. వాళ్లు ఏళ్ల తరబడి ఖైదులో గడిపారు. హాకెన్‌బెర్గ్ ముందు భాగాన్ని ఆ వసంతంలో కాపలా కాసింది స్కాట్లాండుకి చెందిన 51వ హైలాండ్ డివిజను.

కొండను తవ్వి ఎలుకను పట్టారు కదా! జర్మన్లు పక్కనుంచి పోయారుగా?

ఈ సామెత నాకు ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. సగం నిజం.

జర్మన్లు 1940 మేలో బెల్జియం, లక్సెంబర్గ్‌ల్లోని అర్దెన్ అడవుల గుండా వచ్చి 13న సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటారు. పెద్ద కోటల వరస అక్కడికి చేరకముందే, తూర్పునే ఆగిపోయింది. ఫ్రాన్సు మంచి సేనలన్నీ అప్పటికే బెల్జియంలోకి పరుగెత్తాయి. పక్కనుంచి పోవడమంటే అదే. కానీ పక్కనుంచి పోవాల్సి వచ్చేలా చేయడమే లైన్ ఉద్దేశం. జర్మన్లు బెల్జియం వైపు రావాలి, అక్కడ ఫ్రెంచి సైన్యం ఎదుర్కోవాలి అనేదే పథకం. లైన్ తన మాట నిలబెట్టుకుంది. మైదానంలో ఉన్న సైన్యం, దాన్ని నడిపిన సేనాపతులు నిలబెట్టుకోలేదు. వీధి గుమ్మానికి మంచి తాళం వేసి, పెరటి దారిలో కాపలావాణ్ణి నిద్రపుచ్చితే తాళాన్ని తిట్టి ఏం లాభం?

లైన్‌కి వంక పెట్టలేమని కాదు. బెల్జియం 1936లో తటస్థం అన్నాక ఆ పక్క ఏం చేయాలో తేల్చుకోలేదు, డబ్బు చాలలేదు, అర్దెన్ అడవిని ట్యాంకులు దాటలేవన్న నమ్మకం పోలేదు. కోటలున్నాయన్న ధీమా ఆలోచనని మొద్దుబార్చింది కూడా. ఆ తప్పు మనుషులది.

జర్మన్లు ఒక్క కోటనీ పట్టుకోలేకపోయారంటారు, నిజమా?

హాకెన్‌బెర్గ్ లాంటి పెద్ద ఫిరంగి కోటల్లో ఒక్కటీ పోరాటంలో పడలేదు. చిన్నవి పడ్డాయి. లైన్ పడమటి కొసన ఉన్న లా ఫెర్తే పేరు తప్పక చెప్పాలి. దానికి సొంత ఫిరంగులు లేవు. 1940 మే 18, 19 తేదీల్లో జర్మన్ ఇంజనీరు దళం పైకెక్కి బురుజునీ గుమ్మటాల్నీ పేల్చింది. పొగ నిండిన కింది సొరంగంలో ఊపిరాడక లోపలున్న 107 మందీ చనిపోయారు. కోటని విడిచిరావడానికి వాళ్లకి అనుమతి రాలేదు.

జూన్ నడిమికి కోటల మధ్య ఖాళీల్లో ఉండాల్సిన పదాతి దళాన్ని (గుర్తుందా?) వెనక్కి పిలిచేశారు. జర్మన్లు సార్ నది ప్రాంతంలో ఆ ఖాళీలోంచే చొరబడి కోటల వెనక్కి చేరారు. అయినా అల్సాస్‌లోని షోనెన్‌బూర్గ్ కోట విమానాల బాంబుల్నీ 420 మిల్లీమీటర్ల గుండ్లనీ తింటూ కాలుస్తూనే ఉంది. ఫెర్మోన్ కోటలో పగలు 88 ఫిరంగి తొలిచిన గోడని రాత్రి మరమ్మతు చేసుకున్నారు. హాకెన్‌బెర్గ్ తన పొరుగు కోట మిషెల్స్‌బెర్గ్ మీదికి వచ్చినవాళ్లని తన 75 మిల్లీమీటర్ల ఫిరంగులతో చెదరగొట్టింది. జూన్ 25న యుద్ధ విరమణ అమల్లోకి వచ్చింది. కోటలవాళ్లు అప్పటికీ తలుపు తీయలేదు. ఫ్రెంచి అధికారులే వచ్చి ఆజ్ఞాపించాక, జూన్ చివర్లో, జూలై తొలి రోజుల్లో, దెబ్బతినని ఫిరంగుల్ని అప్పగించి ఖైదుకి నడిచారు.

8వ బ్లాకు ముఖం ఎందుకలా ఛిద్రమై ఉంది? జర్మన్లు కొట్టారా?

అమెరికన్లు కొట్టారు. 1944 నవంబరులో అమెరికన్ జనరల్ ప్యాటన్ నడిపిన మూడో సైన్యానికి చెందిన 90వ డివిజను మొజెల్ నది దాటి తూర్పుకి వస్తోంది. హాకెన్‌బెర్గ్ అప్పుడు జర్మన్ల చేతిలో ఉంది. 8వ బ్లాకులో మూడు 75 మిల్లీమీటర్ల ఫ్రెంచి ఫిరంగులు, పడమటి వైపు చూస్తూ. జర్మన్లు వాటిని అమెరికన్ల మీదికి ఎక్కుపెట్టారు. దూరం నుంచి వేసిన భారీ గుండ్లు కూడా ఆ కాంక్రీటుని కదిలించలేదు. చివరికి చక్రపట్టాల మీద నడిచే 155 మిల్లీమీటర్ల ఫిరంగిని ఎదురుగా, సూటిగా కనిపించే చోటికి తెచ్చి గురిపెట్టి కొడితే గోడ బద్దలైంది. 1.75 మీటర్ల గోడ.

ఫ్రెంచి ఫిరంగులు, జర్మన్ చేతులు, అమెరికన్ శవాలు. ఇప్పుడు ఆ గోడలో ఊడిపోయిన కాంక్రీటులోంచి ఇనుప చువ్వలు వంకర్లు తిరిగి వేలాడుతుంటాయి. మిగతా కోట అంతా నూనె రాసి మెరిపించినవాళ్లు ఆ ఒక్క గోడని అలాగే వదిలేశారు. నాకు కోటలో అన్నిటికంటే నచ్చిన నిర్ణయం అది.

తర్వాత ఏమైంది?

సోవియట్ల భయంతో 1950లలో కొన్ని కోటల్ని మళ్లీ బాగుచేశారు. అణుబాంబుల కాలం వచ్చాక ఆ పని వదిలేశారు. కొన్నిటిని ప్రైవేటు మనుషులకి అమ్మేశారు. రోషోన్‌విలేర్ కోటని నాటో భూగర్భ కార్యాలయంగా వాడుకుంది. హాకెన్‌బెర్గ్‌ని 1970ల మధ్య నుంచి ఒక స్థానిక స్వచ్ఛంద సంఘం చూసుకుంటోంది. గైడ్లూ రైలు నడిపేవాళ్లూ జీతగాళ్లు కారు, శని ఆదివారాలు పక్క ఊళ్లనుంచి వచ్చే రిటైరైనవాళ్లూ కుర్రాళ్లూ.

ఎలా వెళ్లాలి? ఎంతసేపు పడుతుంది?

లక్సెంబర్గ్ నుంచి కారులో గంటలోపే. బస్సూ రైలూ నమ్ముకోవద్దు, వెక్రింగ్‌కి అవి అక్కరకి రావు. లోపలికి గైడుతోనే వెళ్లాలి, రెండు గంటలు పైనే పడుతుంది. తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి, చలికాలంలో బాగా తక్కువ. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైటు చూసుకోండి. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి షెంజెన్ వీసా ఉంటే చాలు, సరిహద్దులో మామూలుగా ఎవరూ ఆపరు. పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉంచుకోండి.

ఒకరోజే ఉంటే ఇది చూడండి. రెండు రోజులుంటే అల్సాస్‌లోని షోనెన్‌బూర్గ్ కూడా, అది చిన్నదే గాని 1940 నాటి వాసన అందులో ఎక్కువ.

చిన్నపిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

పిల్లలకి రైలు, బురుజు చాలు, సంబరపడతారు. నడక ఎక్కువ, మెట్లున్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే గైడుకి చెప్పండి. ఎండాకాలంలో వెళ్లినా స్వెట్టరు తప్పదు. లోపల ఏడాది పొడుగునా 12, 13 డిగ్రీలే. మా అత్తయ్య జూలైలో పలచటి నూలు చీరతో, "బయట ఇంత ఎండ కాస్తుంటే శాలువా ఏమిటి" అని నన్ను కోప్పడి దిగారు. మందుగుండు గోదాము దగ్గరికి వచ్చేసరికి నా కోటు ఆవిడ మీద ఉంది. గైడు పెద్దాయన అది చూసి, ఏమీ అనకుండా, తన గదిలోంచి ఒక మందపాటి సైనిక కంబళి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొంచెం తడి వాసన వేసింది.